జాగారం మరునాటి పరీక్ష

కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరినవాళ్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఇంక్రిమెంటు, బదిలీ, ప్రమోషను, ఇట్లాంటివే ఎక్కువ అడుగుతారు. ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చి వేరే సంగతి అడిగింది. చదువుల్లో తమ స్కూల్ కాంప్లెక్సు అందరికంటే చివర ఉందట, దాన్ని పైకి ఎట్లా తేవాలి అని. ఒక్క మాటలో చెప్పే జవాబు నా దగ్గర లేదు. ఉన్నదల్లా ఒక శివరాత్రి తర్వాత జరిగిన కథ. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉప్పల్‌లో హైస్కూలు హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. కాంప్లెక్సు బాధ్యత కూడా నాదే. కాంప్లెక్సు అంటే పెద్ద భవనం అనుకునేరు. ఒక హైస్కూలు, దాని చుట్టూ ఉన్న చిన్న చిన్న సర్కారు బడులు, అన్నీ కలిపి ఒక గుంపు. మాది ఉప్పల్ చౌరస్తా దగ్గర మొదలై నాచారం ఫ్యాక్టరీల దాకా ఉండేది. మా చుట్టూ పరిశోధన సంస్థల వాళ్ల కాలనీలు, రైల్వే వాళ్ల ఇళ్లు ఉన్నాయి. ఆ పిల్లలు మా బడులకు రారు. ఆ ఇళ్లలో అంట్లు తోమే ఆమె పిల్లలు, గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ పిల్లలు వస్తారు. నాచారం వైపు పోతే మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి, మెదక్ నుంచి పనికి వచ్చినవాళ్ల పిల్లలు. ఈమధ్య ఒడిశా పిల్లలు, బీహార్ పిల్లలు కూడా. కాంట్రాక్టరు ఎటు పోతే కుటుంబం అటు పోతుంది. జూన్‌లో మా బెంచీ మీద కూర్చున్న పిల్ల దసరా నాటికి బోడుప్పల్‌లో కట్టే ఏదో అపార్టుమెంటు కింద ఉంటుంది. ఆమె జాగాలో చర్లపల్లి నుంచి ఇంకో పిల్ల వచ్చి కూర్చుంటుంది. ఇట్లాంటి తరగతికి ఏడాది చివర పరీక్ష పెట్టి "మీరేం నేర్పారు?" అని అడిగితే, ఎవరికి నేర్పామని చెప్పాలి?

నేను కూడా ఆ గాలిలోనే పెరిగాను. ఇంటర్ కాగానే చదువు ఆగింది, నాచారంలో మందులు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చేరాను. డ్యూటీ దిగాక ఇంటికి పోయేముందు శాఖా గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. మొదట ఫ్యాను గాలి కోసం. తర్వాత నవలల కోసం. ఆ తర్వాత ఏది చేతికి దొరికితే అది: ఖగోళం, తేనెటీగల పెంపకం, పిల్లల మనస్తత్వం. దూరవిద్యలో డిగ్రీ అక్కడే చదివాను. ఫ్యాక్టరీ మానేసి బీఈడీ చేసి, టీచరు ఉద్యోగాల సెలక్షన్‌కు మళ్లీ అక్కడే చదివాను. మీది ఏ కాలేజీ అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ గ్రంథాలయమే చెబుతాను. గొప్పకు చెబుతున్నానని అనుకున్నా ఫరవాలేదు. గొప్పే అది.

అందుకే కాంప్లెక్సు హెడ్డునయ్యాక చేసిన మొదటి పని పుస్తకాల పెట్టెలు. చిరిగాయని గ్రంథాలయం పక్కన పెట్టేసిన పిల్లల పుస్తకాలు అడిగి తెచ్చి, అతికించి, అట్టలు వేసి, బడికొక రేకు పెట్టె ఇచ్చాం. నెలకోసారి పెట్టెలు ఒక బడి నుంచి ఇంకో బడికి మారేవి. వాటిని బైకు మీద మోసే పని మా సీఆర్పీది. సీఆర్పీ అంటే కాంప్లెక్సులో బడులన్నీ తిరిగి చూసి పైకి సమాచారం పంపే ఉద్యోగి. మా సీఆర్పీ పిల్లచేష్టల మనిషి, మొహాన నవ్వు ఆగదు. "మేడం, నేను సీఆర్పీనా, గ్యాస్ బండలేసేటోన్నా? మీరే జెప్పున్రి" అనేవాడు.

నాచారం పారిశ్రామికవాడలో, లారీలు పోయే పెద్ద రోడ్డు వెనక సందులో, రెండు గదుల ప్రాథమిక పాఠశాల ఒకటి ఉంది. మా కాంప్లెక్సులో అన్నిటికంటే చిన్నది. అక్కడి టీచరు నల్లగొండ మనిషి. పని గట్టిది, మాట ఇంకా గట్టిది. ఆ బడిలో ఒక వాడుక ఉండేది. ఆ సందులో తల్లీతండ్రీ ఇద్దరూ షిఫ్టులకు పోతారు. ఇంట్లో చిన్నవాళ్లను చూసే దిక్కు ఉండదు. అంగన్‌వాడీ ఉంది కానీ రోడ్డుకు అవతల. అందుకని అక్క బడికి వస్తే ఆమె చంకన చెల్లెలు కూడా వస్తుంది. గదిలో వెనక గోడకు ఆనుకుని ఇట్లాంటి పొట్టివాళ్లు ఒక వరుస కూర్చుని ఉండేవారు.

ఇది నిబంధనలకు విరుద్ధం. వయసు చాలని పిల్లల్ని తరగతిలో కూర్చోబెట్టకూడదు. మునుపటి అధికారి ఒకాయన ఆమెను ఈ విషయంలో మందలించి పోయాడు కూడా. టీచరు ఆయన ముందు తలూపింది. తర్వాత నాతో అంది, "చెల్లెను తోలిస్తే అక్క గూడ పోతది మేడం. ఇగ నేనెవరికి సదువు జెప్పాలె, గోడలకా?" నేను చూడనట్టే ఉండిపోయాను.

ఆమె హోంవర్కు కూడా వేరే రకం. రాసుకు రమ్మనదు. ఇచ్చిన పేజీ ఇంట్లో ఎవరికైనా గట్టిగా చదివి వినిపించి రమ్మంటుంది.

ఇక ఆ ఏడాది సంగతి. జిల్లా అంతటా పిల్లలు ఎంత బాగా చదవగలుగుతున్నారో చూడాలని ఒక పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరిని విడిగా పిలిచి, ఒక పేరా ఇచ్చి, పైకి చదివించి వినడం. ఏ చిన్న బడిని ఉంచాలో, ఏదాన్ని పక్క బడిలో కలపాలో దీన్ని బట్టే ఆలోచిస్తారని ముందే చెప్పారు. కొత్తగా వచ్చిన పరిశీలన అధికారి మా కాంప్లెక్సు మీటింగుకు వచ్చి తేదీ చదివి, ఏమైనా ఇబ్బందా అని అడిగాడు. మా శాఖలో తేదీకి ఇబ్బంది ఉందని చెప్పే అలవాటు ఎవరికీ లేదు. సీఆర్పీ లేచి నిలబడి, "ఏం ఇబ్బంది లేదు సార్" అన్నాడు. అందరం తలలూపాం. క్యాలెండరు చూస్తే మామూలు పనిదినమే.

అది శివరాత్రి మరునాడు.

మా సీఆర్పీది కీసర గుట్ట కింది ఊరు. పుట్టిన దగ్గర నుంచి ఆ గుట్ట మీది శివరాత్రి జాతర చూస్తున్నవాడు. ఆ ఏడాది కూడా రాత్రంతా గుట్ట మీద వలంటీరుగా తిరిగి, తెల్లవారి ఎర్రటి కళ్లతో పరీక్ష పెట్టడానికి బడికి వచ్చాడు. అప్పుడు గానీ తాను ఏ తేదీకి ఒప్పుకున్నాడో అతనికి తట్టలేదు. ఆ సందులో ఉన్నవాళ్లకు వాళ్ల ఫ్యాక్టరీ యజమాని ఏటా ఒక డీసీఎం వ్యాను పెట్టి కీసరకు పంపుతాడు. సందు సందంతా పిల్లాజెల్లాతో పోయి జాగారం చేసి వస్తుంది. తిరిగి వచ్చిన డీసీఎం పిల్లల్ని నేరుగా బడి దగ్గరే దింపింది. మధ్యాహ్న భోజనం ఉంటుంది కదా, తల్లులకు నిశ్చింత. నుదుట విభూతితో, కళ్లు తెరవలేక, పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పేరా ముందు కూర్చున్నారు. ఒక పిల్ల రెండో వాక్యం దగ్గర కాగితం మీదే తల పెట్టి పడుకుంది. ఎదురుగా సీఆర్పీ ఆవలిస్తూ ఆమెను లేపుతున్నాడట. టీచరు ఈ ముచ్చట నాకు చెప్పినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. ఫలితం వచ్చాక నవ్వు పోయింది. మండలంలో మా కాంప్లెక్సు చివర, కాంప్లెక్సులో ఆ బడి చివర.

వారం తిరగకుండానే ప్రతిపాదన వచ్చింది. ఆ బడిని పెద్ద రోడ్డు అవతల ఉన్న బడిలో కలపాలని.

కాగితం మీద చూస్తే దూరం తక్కువే. కానీ మధ్యలో ఉన్నది చర్లపల్లికి పోయే లారీల రోడ్డు. ఆ సందు నుంచి ఒక తల్లి నా ఆఫీసుకు వచ్చింది. ప్యాకింగ్‌లో పనిచేస్తుంది, నేను ఒకప్పుడు చేసిన పనే. కూర్చోమన్నా కూర్చోలేదు. "రోడ్డు దాటియ్యాలంటే మేమే తోలుకపోవాలె మేడం. బడి గంట కంటె ముందుగాల మా సైరన్ మొగుతది. చిన్నదాన్ని ఎత్తుకోని ఆ లారీల నడుమ నా బిడ్డ ఎట్ల పోతది? ఇగ ఇంట్లనే ఉంటది" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. తేలిపోయిన విషయం చెప్పినట్టు చెప్పింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె ఒక్కతే కాదు, ఆ సందులో ఆడపిల్లలందరి చదువూ ఆ రోడ్డు దగ్గరే ఆగిపోతుందని నాకు అర్థమైంది.

నేను అధికారి దగ్గరికి పోయాను. పోయేముందు గ్రంథాలయంలో కూర్చుని పరీక్షల గురించి ఉన్న పుస్తకాలన్నీ మళ్లీ తిరగేసుకుని పోయాను. నిద్ర లేని పిల్లకు పెట్టిన పరీక్ష నిద్రను కొలుస్తుంది కానీ చదువును కాదని చెప్పాను. జూన్ నుంచి ఉన్న పిల్లనూ, సంక్రాంతి తర్వాత వచ్చిన పిల్లనూ ఒకే గంపలో వేసి తూచకూడదని చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. మంచి మనిషి, తొందరపడేవాడు కాదు.

"జాగారం మిగతా బడుల పిల్లలూ చేసుంటారు కదా మేడం" అన్నాడు.

డీసీఎం సంగతి చెప్పాను. నవ్వాడు. తర్వాత, "మీరు చెప్పేవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, నేనూ చదివాను. కానీ ఒక్క బడికి మళ్లీ పరీక్ష పెడితే మిగతావాళ్లంతా వచ్చి అడుగుతారు. పరీక్ష పెట్టను. నేనే వచ్చి వింటాను. ఎప్పుడో చెప్పను. విన్నదాన్ని బట్టి రాస్తాను" అన్నాడు. అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు.

ఈ కబురు మీటింగులో చెప్పగానే మా ప్రాథమికోన్నత పాఠశాల హెడ్మాస్టరు గారు ఒక ఉపాయం చెప్పారు. సర్కారు బడుల్లో పాత వాడుకే అది. తనిఖీ వస్తుందంటే ఒక బడి ఇంకో బడికి బెంచీలు అప్పిస్తుంది, చార్టులు అప్పిస్తుంది, అవసరమైతే పిల్లల్నీ అప్పిస్తుంది. తన ఐదో తరగతిలో గడగడా చదివే పిల్లలున్నారని, కొన్ని రోజులు వాళ్లను ఆ సందు బడిలో కూర్చోబెడదామని, ఎవరికీ తెలియదని ఆయన అన్నాడు. ఆయన మనసు మంచిదే. చుట్టూ ఉన్నవాళ్లు చాలామంది అవునన్నారు.

ఆ సందు బడి టీచరు ఒప్పుకోలేదు. "కిరాయి పిల్లలను దెచ్చి నిలబెట్టుకుంటే అది నా బడెట్ల అయితది సార్? మా పిల్లలు సదివినంత సదువుతరు. తక్కువైతే తక్కువే."

"నీ మంచికే చెప్తున్న టీచరమ్మ. బడి పోయినంక ఈ పౌరుషం తీస్కపోయి యాడ బెట్టుకుంటవ్?"

"పోతే నా బడి పోయిందంటరు సార్. మీ పిల్లలు సదివి నా బడి నిలబడ్డదని రేపు నా పిల్లలే అంటె, నేను మొఖం యాడ బెట్టుకోవాలె?"

ఆయన చేతులెత్తేసి టీ తాగడంలో పడ్డాడు. అందరూ నా వైపు చూశారు. నేను ఆమె వైపే మాట్లాడాను. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాను. అధికారి వస్తే ఆ పొట్టివాళ్లను వంటగది రేకుల కిందికి పంపించెయ్యమని, వంట చేసే అక్క దగ్గర కూర్చుంటారని. దానికి టీచరు అయిష్టంగానే సరేనంది.

ఆయన ఒక పొద్దున వచ్చాడు. సీఆర్పీ ఫోను చేస్తే నేను ఆటో ఎక్కి పరుగెత్తాను. ఫ్లైఓవరు స్తంభాల మధ్య ట్రాఫిక్‌లో ఇరుక్కుని, చేరేసరికి వినడం మొదలైపోయింది. తలుపు దగ్గర టీచరు నా చెవిలో, బాగా చదివే అక్కాచెల్లెళ్ల కుటుంబం మొన్ననే బోడుప్పల్‌కు పోయిందని చెప్పింది.

అధికారి మా పెట్టెలో పుస్తకం తియ్యలేదు. పిల్లలకు కంఠస్థం వచ్చి ఉంటుందనుకున్నాడేమో, తన కూతురి పుస్తకం ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. గొడుగు పోగొట్టుకున్న ఏనుగు కథ. కొందరు చక్కగా చదివారు. కొందరు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నారు. కొత్తగా వచ్చిన ఒడిశా పిల్ల పుస్తకం పట్టుకుని నిలబడి ఏనుగు బొమ్మను చూసి నవ్వి ఊరుకుంది. ఆయన అన్నీ రాసుకుంటున్నాడు. ఆ రాతలో మొగ్గు ఎటు ఉందో నాకు అంతుపట్టలేదు.

మూడో తరగతి పిల్ల ఒకతి వచ్చింది. నా ఆఫీసుకు వచ్చిన తల్లి కూతురు. రెండు వాక్యాలు బాగానే చదివి మూడోదాంట్లో ఆగిపోయింది. కొత్త మనిషి ముందు బెదిరింది. అంతలో ఆమె వీపు వెనక నుంచి ఒక సన్నటి గొంతు మిగతా వాక్యం చదివేసింది. ఎప్పుడు వచ్చిందో, వంటగది నుంచి జారుకుని వచ్చిన ఆమె చెల్లెలు. అక్క భుజం మీదుగా మెడ చాచి పుస్తకంలోకి చూస్తోంది. అక్క గబుక్కున చెల్లెలి నోరు మూసింది.

"ఈ పాప ఏ తరగతి?" అన్నాడు అధికారి.

టీచరు ఒకసారి నా వైపు చూసింది. అబద్ధం చెబుతుందేమో అనుకున్నాను. చెప్పలేదు. "ఏ తరగతి గాదు సార్. ఆ పిల్ల చెల్లె. బడికి ఇంక వయసు సాలదు" అంది.

ఆయన కుర్చీలోంచి లేచి నేల మీద కూర్చున్నాడు. అక్క చెయ్యి మెల్లగా తప్పించి, పుస్తకం ఆ పొట్టిదాని ముందు పెట్టాడు. అది వేలు పెట్టుకుని తర్వాతి వాక్యం చదివింది. దాని తర్వాతిది కూడా చదివింది. పేజీ తిప్పాడు. అప్పుడది తలెత్తి, "సార్, గుడ్డు ఎప్పుడిస్తరు?" అని అడిగింది. ఆ రోజు భోజనంలో గుడ్డు ఉంది. వంటగదిలో వాసన చూసి వచ్చింది కదా.

ఆ మాటతో మిగతా పొట్టివాళ్లు కూడా తలుపు దగ్గరికి వచ్చేశారు. వెనకాలే గరిటె పట్టుకుని వంట అక్క, "ఆగుతలేరు మేడం, నన్నేం జెయ్యమంటరు" అంటూ. ఆయన అందరినీ పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. అందరికీ చదవడం వచ్చిందని అబద్ధం చెప్పను. ఒకడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని సొంత కథ చెప్పాడు. కానీ ఇంకా కొంతమంది నిజంగానే చదివారు, వేలు పెట్టుకుని, మాట తర్వాత మాట.

"వీళ్లకు మీరు నేర్పారా?"

"లేదు సార్. ఈడ కూసుంటరు, అంతే."

ఆయన నమ్మలేదు. అక్క వైపు తిరిగి, చెల్లెలికి ఎవరు నేర్పారని అడిగాడు. ఆ పిల్ల ఏదో తప్పు చేసినట్టు నేలచూపులు చూస్తూ చెప్పింది. "టీచర్ ఇంట్ల ఎవరికన్న సదివి వినిపియ్యమంటది సార్. అమ్మ డ్యూటీకి పోతది. నాయన రాత్రి డ్యూటీ జేసి పంటడు. ఇగ దీనికే వినిపిస్త రోజు. అది పుస్తకంల చూస్తది."

నేను గ్రంథాలయంలో ఎన్నో పుస్తకాలు చదివాను. చదువు ఎట్లా వస్తుందో వాటిలో ఎన్నో రకాలుగా రాసి ఉంది. ఆ పిల్ల చెప్పినంత సూటిగా ఎవరూ రాయలేదు. ఆ సందులో రోజూ సాయంత్రం ఎన్ని గదుల్లో, ఎంతమంది అక్కలు ఎంతమంది చెల్లెళ్లకు చదివి వినిపిస్తున్నారో లెక్కపెట్టుకుంటూ నిలబడిపోయాను. మా చిరిగిన పుస్తకాలు అక్కడిదాకా పోయాయి.

అధికారి పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నాడు. లేచి ప్యాంటు దులుపుకుంటూ టీచరుతో, ఇన్ని రోజులు ఈ సంగతి ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"చెప్తే వీళ్లను బయటికి తోలమంటరు గద సార్."

ఆయన రాసుకున్న కాగితాలు మడిచాడు. "నేను రాసేదాంట్లో వీళ్ల గురించి రాయలేను. మా లెక్కలో వీళ్లు మీ బడిలో లేనట్టే. కానీ ఇది చూశాక, కలిపెయ్యమని కూడా రాయలేను" అన్నాడు. పోయేముందు వరండా పొడవునా ఒకసారి నడిచి, రోడ్డు అవతలి అంగన్‌వాడీని ఈ ఆవరణలోకి మార్చే వీలుందేమో అడిగి చూస్తానన్నాడు. అడిగాడు కూడా. కదలడానికి చాలా నెలలు పట్టింది కానీ కదిలింది.

ఆ బడి నిలిచింది. చదివి వినిపించే హోంవర్కును మేము కాంప్లెక్సులో అన్ని బడులకూ పాకించాం. పిల్లల్ని అప్పిస్తానన్న హెడ్మాస్టరు గారు మొదట గొణిగాడు, తర్వాత అందరికంటే ముందు ఆయనే మొదలుపెట్టాడు. ఆ తర్వాతి పరీక్ష తేదీ చదివినప్పుడు మా సీఆర్పీ లేచి, పండుగలన్నీ చూసుకున్నాక గానీ సరే అనలేదు. మా కాంప్లెక్సు మొదటి స్థానానికి రాలేదు, మధ్యలోకి వచ్చింది. ఏటా సగం పిల్లలు మారిపోయే బడులు మధ్యలో నిలబడటం చిన్న సంగతి కాదు. నా ఉద్యోగంలో నేను అందుకున్న శాలువాలన్నీ ఒకవైపు, ఆ మధ్య స్థానం ఒకవైపు.

జూన్‌లో బడులు తెరిచిన వారానికి ఆ టీచరు ఫోను చేసింది. వయసు నిండిన పొట్టివాళ్లంతా ఒకటో తరగతిలో చేరారట.

"బోర్డు మీద 'అ' రాసిన మేడం. అందరు నా దిక్కు సూసి నవ్వబట్టిరి. ఇగ ఏడాదంత వీళ్లకు నేనేం జెప్పాలె?"

రెండో తరగతి పుస్తకం తియ్యమని చెప్పాను.